పేరు లేని వాయుగుండమే మనల్ని ముంచేది: నల్లగొండ, పాలమూరు రైతు బంగాళాఖాతాన్ని చూసుకునే పద్ధతి

మఖ కార్తె నుంచి అనూరాధ దాకా, అంటే ఆగస్టు మధ్య నుంచి డిసెంబర్ మొదటి దాకా, మన వడ్లు, పత్తి, కందుల జాతకం బంగాళాఖాతం చేతిలో ఉంటుంది. నల్లగొండకు దగ్గరి సముద్రం బాపట్ల వైపు. గీత గీసినట్టు నేరుగా కొలిస్తే 180 కిలోమీటర్లు. మహబూబ్‌నగర్ నుంచైతే 280. ఇంత దూరం వచ్చేసరికి గాలి బలం చచ్చిపోతుంది గానీ వాన మాత్రం తగ్గదు. అందుకే కోస్తా వాళ్ల లెక్క వేరు, మన లెక్క వేరు. వాళ్లకు గాలి వేగం, ఉప్పెన ముఖ్యం. మనకు కావాల్సింది అది ఎటు కదులుతోంది, ఎంత నిదానంగా కదులుతోంది, తీరం దాటాక ఎక్కడ చల్లారుతుంది అన్న మూడు సంగతులు.

టీవీలో పేరు చెప్పేదాకా మనవాళ్లు చాలామంది పట్టించుకోరు. అసలు తప్పు అక్కడే ఉంది. 2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటి నేరుగా తెలంగాణ మీదుగా పడమరకు పోయింది తుపాను కాదు, తీవ్ర వాయుగుండం. దానికి పేరే లేదు. హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి ప్రాంతంలో కళింగపట్నం దగ్గర తీరం దాటింది ఉత్త వాయుగుండం. ఖమ్మంలో మున్నేరు ఊళ్లను ముంచింది, కోదాడ, హుజూర్‌నగర్ వైపు చెరువులు తెగాయి, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. దానికీ పేరు లేదు. పేరు పెట్టేది గాలిని బట్టి, వానను బట్టి కాదు.

మెట్లు, వాటి అర్థం

వాతావరణ శాఖ గాలి వేగాన్ని చూసి మెట్లు కడుతుంది. గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం. 31 నుంచి 49 దాకా వాయుగుండం, 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం. 62 దాటితే తుపాను, పేరు వచ్చేది అప్పుడే. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. అల్పపీడనానికీ వాయుగుండానికీ మధ్య ‘తీవ్ర అల్పపీడనం’ అన్న మాట వినిపిస్తుంది. ఆ మాట వచ్చిందంటే రెండు మూడు రోజుల్లో ఏదో ఒకటి తేలుతుందని మనసులో పెట్టుకోవాలి.

వానకు వేరే కొలత ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 దాకా పడితే భారీ వర్షం. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ. ఆపైన అత్యంత భారీ. ఈ 24 గంటలు ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా లెక్క. పేపర్‌లో ‘29న 12 సెం.మీ.’ అని ఉంటే అందులో ఎక్కువ భాగం 28 రాత్రి పడిందై ఉండొచ్చు.

ఎల్లో, ఆరెంజ్, రెడ్ రంగుల మీదే అందరి కళ్లూ ఉంటాయి. వాటికంటే పక్కన రాసే మాట చదవడం మేలు. ‘ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు’ అంటే జిల్లాలోని వర్షమాపకాల్లో నాలుగో వంతు లోపు వాటిలోనే ఆ వాన పడొచ్చని. ‘కొన్ని చోట్ల’ అంటే నాలుగో వంతు నుంచి సగం దాకా. సగం దాటితే ‘అనేక చోట్ల’. ఎల్లో రంగుతో ‘ఒకటి రెండు చోట్ల’ అని ఉంటే అది మీ ఊరు కాకపోవడానికే అవకాశం ఎక్కువ. కోత ఆపనక్కర్లేదు, పట్టాలు దగ్గర పెట్టుకుంటే చాలు. ఆరెంజ్‌తో ‘అనేక చోట్ల’ అని ఉంటే ఇక వేరే ఆలోచన వద్దు.

ఉత్తర కార్తె లెక్క వేరు, స్వాతి కార్తె లెక్క వేరు

‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్నారు పెద్దలు. ఉత్తరలో కూడా వాన రాకపోతే గంప ఎత్తుకొని ఊరు విడవమని. సెప్టెంబర్ ఆఖరు దాకా మనకు వాన తెచ్చేది రుతుపవనాలే. అప్పట్లో అల్పపీడనాలు ఎక్కువగా వాయవ్య బంగాళాఖాతంలో, ఒడిశా తీరం దగ్గర పుడతాయి. కింద పడమటి గాలి, పైన బలమైన తూర్పు గాలి వీస్తుండటంతో మేఘం నిటారుగా లేవలేదు. సముద్రం మీద తిరిగే దూరం కూడా తక్కువ. అందుకే అవి తుపాను దాకా ఎదగడం అరుదు. వాయుగుండంగానే తీరం ఎక్కి ఛత్తీస్‌గఢ్ వైపు పోతాయి.

ఒడిశా దగ్గర ఉన్నదానితో మనకేం పని అనుకోవద్దు. రుతుపవన కాలపు వాయుగుండంలో గట్టి వాన కేంద్రం దగ్గర పడదు, కేంద్రానికి నైరుతి దిక్కున పడుతుంది. వాతావరణ శాఖ బులెటిన్‌లో ఒక వాక్యం వస్తుంది: ఉపరితల ఆవర్తనం 5.8 లేదా 7.6 కిలోమీటర్ల ఎత్తు వరకు విస్తరించి, ఎత్తుకు వెళ్లే కొద్దీ నైరుతి దిశగా వంగి ఉంది అని. ఉపరితల ఆవర్తనం అంటే పైన గాలి సుడి తిరగడం. వార్తల్లో దీన్ని చదివి వదిలేస్తారు. మనకు మాత్రం ఆ బులెటిన్ మొత్తంలో పనికొచ్చేది ఆ ఒక్క వాక్యమే. ఎటు వంగి ఉంటే వాన అటు. కళింగపట్నంలో తీరం దాటింది కోదాడను ముంచింది అలాగే.

ఇంకో మాట ‘షియర్ జోన్’. అంటే తూర్పు గాలి, పడమటి గాలి ఎదురెదురుగా రాసుకునే పట్టీ. సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంట తూర్పు పడమరలుగా షియర్ జోన్ ఉందని రాస్తే, మ్యాప్ తీసి చూడండి. 17 డిగ్రీల గీత నల్లగొండ పట్నం పక్కనుంచే పోతుంది. అది రెండు మూడు రోజులు అక్కడే నిలిస్తే సముద్రంలో ఏ గుండమూ లేకున్నా ముసురు పట్టి వదలదు.

అక్టోబర్ రెండో వారంలో నైరుతి రుతుపవనాలు తెలంగాణ వదులుతాయి. అక్కణ్నుంచి కథ మారుతుంది. పుట్టే చోటు దక్షిణానికి, అండమాన్ వైపుకు జరుగుతుంది. సముద్రం మీద నాలుగైదు రోజులు ప్రయాణం చేస్తాయి కాబట్టి బలం పుంజుకుంటాయి. బంగాళాఖాతంలో తుపాన్లకు నవంబర్ పెట్టింది పేరు. సరిగ్గా అప్పుడే మన వరి కోతకొస్తుంది, పత్తి పగులుతుంది. ‘చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, విశాఖ విసరకుంటే’ అన్న సామెత ఊరికే పుట్టలేదు.

తీరం దాటే చోటును బట్టి మన లెక్క

అక్టోబర్, నవంబర్, డిసెంబర్లకు ఈ లెక్క పనికొస్తుంది.

ఒంగోలు, మచిలీపట్నం మధ్య తీరం దాటి వాయవ్యంగా కదిలితే నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్ నేరుగా దారిలో ఉన్నట్టే. అత్యంత జాగ్రత్త అవసరమైంది ఇదే. నరసాపురం, కాకినాడ దగ్గర దాటి ఉత్తరానికి తిరిగితే దెబ్బ ఖమ్మం, వరంగల్ వైపు ఎక్కువ. అదే చోట దాటి పడమరకు తిరిగితే 2020 అక్టోబర్ మళ్లీ చూసినట్టే. నెల్లూరు, చెన్నై దగ్గర దాటేవి మనకు రెండు రోజులు మబ్బు, సన్న చినుకు, చలిగాలి ఇస్తాయి. గద్వాల, వనపర్తి వైపు కాస్త ఎక్కువ. ఒడిశా, బెంగాల్ వైపు మలుపు తీసుకుంటే ఇక్కడి తేమను కూడా లాక్కుపోతాయి. ఎండ కాస్తుంది, వడ్లు ఆరబోసుకోవచ్చు.

ఈ లెక్కకు మినహాయింపులు లేవని కాదు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తీవ్ర తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. లెక్క ప్రకారం పాలమూరుకు పెద్దగా ఏం కాకూడదు. కానీ మర్నాడు అచ్చంపేట, దేవరకొండ వైపు దుందుభి పొంగేంత వాన పడింది. కేంద్రం ఎటు పోయినా దాని చుట్టూ వందల కిలోమీటర్ల మేర మేఘం ఉంటుంది. ‘తుపాను బలహీనపడి వాయుగుండంగా మారింది’ అన్న వార్త విని టార్పాలిన్ తీసేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. బలహీనపడింది గాలి మాత్రమే. వాన మనదాకా వచ్చేది ఆ వార్త వచ్చిన తర్వాతే.

కదిలే వేగం చూడండి. గంటకు 15 కిలోమీటర్లు నడిస్తే తీరం నుంచి నల్లగొండకు 12 గంటలు. ఐదారు కిలోమీటర్లకు పడిపోతే అదే చోట రోజంతా కుమ్మరిస్తుంది. బులెటిన్‌లో ‘గత ఆరు గంటలుగా గంటకు ఇన్ని కి.మీ. వేగంతో’ అన్న అంకె ఉంటుంది. వరుసగా రెండు మూడు బులెటిన్లలో ఆ అంకె తగ్గుతూ పోతే అది మంచి వార్త కాదు. ఓడరేవుల్లో మూడో నంబరు, ఐదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీల్లో ఊదరగొడతారు. అవి ఓడల కోసం. మన వడ్లకు ఆ నంబర్లతో పని లేదు.

ఏది, ఎప్పుడు చూడాలి

వారం ముందు: ఢిల్లీ వాతావరణ శాఖ తుపాను విభాగం రోజూ ఒక అంచనా ఇస్తుంది. రానున్న ఏడు రోజుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టే అవకాశం ఎంతో రోజు వారీగా పట్టికలో ఉంటుంది. తక్కువ అంటే 33 శాతం లోపు, మధ్యస్థం అంటే 67 దాకా, ఎక్కువ అంటే 68 పైన. పట్టికలో ‘మధ్యస్థం’ కనబడ్డ రోజే కోత మిషన్ వాళ్లకు ఫోన్ చేయాలి. ప్రతి గురువారం రెండు వారాల ముందస్తు అంచనా కూడా వస్తుంది. అది దిక్కు తెలుసుకోవడానికే తప్ప తేదీ పెట్టుకోవడానికి కాదు.

ఐదు రోజుల నుంచి మూడు రోజుల ముందు: మంగళవారం, శుక్రవారం వచ్చే జిల్లా వ్యవసాయ వాతావరణ సలహాలు చూడండి. మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే ఉంటాయి. హైదరాబాద్ వాతావరణ కేంద్రం జిల్లా వారీ హెచ్చరికలు ఇస్తుంది. యూట్యూబ్‌లో పది రోజుల ముందే ‘మహా తుపాను’ అని థంబ్‌నెయిల్ పెట్టేవాళ్లు చూపేది ఒకే ఒక్క కంప్యూటర్ మోడల్ బొమ్మ. పుట్టని గుండానికి ఆ మోడల్ గీసిన దారి పూట పూటకూ మారుతుంది. దాన్ని నమ్మి పచ్చి వడ్లు కోసుకున్నవాడు తరుగు కింద పోగొట్టుకునేది తుపాను దెబ్బకేమీ తీసిపోదు.

ఒక రోజు ముందు, ఆ రోజు: తుపానైతే మూడు గంటలకొక బులెటిన్ వస్తుంది. దారి గీత మీద కాదు, చుట్టూ వేసిన గరాటు మీద చూపు ఉంచండి. గీత పదుల కిలోమీటర్లు అటూ ఇటూ జరగడం మామూలే. అది మన ఊరి మీదుగా పోకపోయినా గరాటులో మన జిల్లా ఉందంటే సిద్ధంగా ఉండాల్సిందే. ఇక గంట గంటకూ కావాలంటే రాడార్ చిత్రం. హైదరాబాద్, మచిలీపట్నం రాడార్లు రెండూ చూస్తే కోదాడ నుంచి కల్వకుర్తి దాకా దొరుకుతుంది. మీ మండలంలో ఇప్పటిదాకా ఎంత పడిందో తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సంఘం ఆటోమేటిక్ స్టేషన్ల లెక్కల్లో ఉంటుంది. ఉరుములుంటే దామిని యాప్.

ఇంటి దగ్గరే మూడు కొలతలు

వాన కొలవడానికి అడుగూ మూతీ ఒకే వెడల్పున్న డబ్బా చాలు. వెడల్పు ఎంతున్నా ఫర్వాలేదు, గోడలు నిటారుగా ఉండాలి. పైకి వెడల్పయ్యే బకెట్‌లో కొలిస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. దగ్గరున్న చెట్టు, గోడ ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరంలో పెట్టండి. ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో కొలిచి పారబోయండి. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరానికి సుమారు 4,000 లీటర్లు. 100 మిల్లీమీటర్లు పడితే మీ ఎకరంలో 4 లక్షల లీటర్ల నీళ్లు. ఆ నీళ్లు పోయే దారి గట్టుకు ఉందా లేదా అన్నది ముందే చూసుకోవాల్సింది అందుకే.

గాలి దిక్కు ఇంకా సులువు. గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. ఉత్తరపు గాలి వీస్తుంటే మీరు దక్షిణానికి తిరిగి ఉంటారు, ఎడమ చేయి తూర్పుకు, అంటే సముద్రం వైపుకు. ఇక్కణ్నుంచి గాలి ఎటు తిరుగుతుందో గమనించండి. ఉత్తరం నుంచి పడమరకు తిరిగితే గుండం మనకు ఉత్తరంగా దాటిపోతోంది. ఉత్తరం నుంచి తూర్పుకు తిరిగితే మనకు దక్షిణంగా పోతోంది. గాలి ఆగకుండా ఉత్తరాన్నే పట్టుకొని పెరుగుతుంటే అది ఇంకా తూర్పునే ఉంది, మన వైపే వస్తోంది. కరెంటు, సిగ్నల్ రెండూ పోయిన రాత్రి పనికొచ్చేది ఇదొక్కటే.

కొన్ని ఫోన్లలో వాయుపీడనం చూపే బారోమీటర్ ఉంటుంది. ఇందులో రెండు పొరపాట్లు జరుగుతాయి. మహబూబ్‌నగర్ సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తు. అక్కడ మామూలు రోజే 955 మిల్లీబార్ల ప్రాంతంలో చూపిస్తుంది. వార్తల్లో చెప్పేది సముద్ర మట్టం లెక్క, వెయ్యి చుట్టూ ఉంటుంది. రెండూ పోల్చి భయపడొద్దు. రెండోది, పీడనం రోజూ దానంతటదే ఉదయం పది, రాత్రి పది ప్రాంతంలో పెరిగి, సాయంత్రం నాలుగు, తెల్లవారుజాము నాలుగు ప్రాంతంలో తగ్గుతుంది. తేడా మూడు నాలుగు మిల్లీబార్లు ఉంటుంది. అందుకని ఈ సాయంత్రం నాలుగు అంకెను నిన్న సాయంత్రం నాలుగు అంకెతోనే పోల్చాలి. నిన్న అదే వేళ ఉన్నదానికంటే మూడుకు మించి పడిపోతే అప్పుడు నిజంగా ఏదో దగ్గరికొస్తున్నట్టు.

వడ్లు: కొయ్యాలా, ఆగాలా

అసలు తలనొప్పి ఇక్కడే. ముందు ఊరి లెక్క వేయండి. మూడు కోత మిషన్లున్నాయి, గంటకు ఎకరం చొప్పున రోజుకు పది గంటలు ఆడాయనుకుందాం. రోజుకు 30 ఎకరాలు. ఐదు రోజుల ముందు మేలుకుంటే 150 ఎకరాలు తెగుతాయి, రెండు రోజుల ముందు మేలుకుంటే 60. అందరూ ఒకేరోజు ఫోన్ చేస్తే కిరాయి పెరగడం తప్ప ఎకరాలు పెరగవు.

కంకుల్లో నూటికి 80, 85 గింజలు గడ్డి రంగుకు తిరిగిన మడిని కొయ్యొచ్చు. అంతకంటే పచ్చిగా ఉన్నదాన్ని నిలబెట్టి ఉంచడమే నయం. పచ్చి వడ్లు కోస్తే తాలు, నూక ఎక్కువ, ఆరబెట్టడానికి ఎండ ఉండదు. నిలబడ్డ పైరుకు నిలువ నీళ్లు, పడిపోవడమే ప్రమాదం. కాండం బలహీనంగా ఉండే సాంబమసూరి లాంటి పొడవు కాలపు సన్నాలు ముందు వాలతాయి కాబట్టి పక్వానికొచ్చిన మళ్లలో వాటిని ముందు కొయ్యండి. కోతకు పది రోజుల ముందే నీళ్లు తీసేసి మడి ఆరగట్టాలి. ఆరని మడిలో టైర్ మిషన్ దిగబడుతుంది, చైన్ మిషన్ దొరకదు.

మిషన్ కోసిన వడ్లలో తేమ 22 నుంచి 25 దాకా ఉంటుంది. ఐకేపీ సెంటర్లో, అంటే వడ్లు కొనే కేంద్రంలో, కావాల్సింది 17 శాతం. మంచి ఎండలో మూడు నాలుగు రోజుల పని. వాన రెండు రోజుల్లో ఉందంటే సెంటర్‌కు తోలే ముందు అక్కడ ఎన్ని కుప్పలు కాంటా కోసం వరుసలో ఉన్నాయో, లారీలు వస్తున్నాయో లేదో కనుక్కోండి. కాంటా కాని కుప్ప సెంటర్లో ఉన్నా మీ కల్లంలో ఉన్నా తడిస్తే నష్టం మీదే. పల్లంలో ఉన్న సెంటర్ కంటే ఎత్తున్న మీ సొంత దిబ్బ మేలు.

కుప్ప పెట్టే పద్ధతి: కింద ఒక పట్టా, దాని అంచు బయటికి కాకుండా కుప్ప కిందికే మడిచి ఉండాలి. బయటికి పరిస్తే పై పట్టా మీంచి జారిన నీళ్లు కింది పట్టా మీద పడి నేరుగా వడ్లలోకే పోతాయి. చాలా కుప్పలు పైనుంచి కాదు, ఇలా అడుగునుంచే తడుస్తాయి. కుప్ప శిఖరంలా నిటారుగా ఉండాలి, మీద గుంట పడితే నీళ్లు నిలిచి బరువుకు పట్టా చిరుగుతుంది. చుట్టూ అడుగు లోతు కాలువ తీసి పల్లానికి కలపాలి. పట్టా మీద రాళ్లు పెట్టొద్దు, గాలికి కొట్టుకొని చింపుతాయి. ఇసుక నింపిన సంచులు పెట్టి, మీదుగా తాడు కట్టండి.

తడి వడ్లను పట్టాతో గట్టిగా మూసి రెండు రోజులు వదిలేస్తే లోపల చెమట పడుతుంది. చేయి మోచేతి దాకా కుప్పలోకి దూర్చి చూడండి. వెచ్చగా తగిలినా, పులిసిన వాసన వచ్చినా వాన తెరిపి ఇచ్చిన అరగంటలోనైనా కుప్ప చెదరగొట్టి తిరగెయ్యాలి. ఆ వేడిలోనే రంగు మారేది, మొలక వచ్చేది.

తడిసి, ఎండ లేకపోతే: క్వింటాలు తడి వడ్లకు 5 కిలోల ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి ఉంచితే నాలుగైదు రోజులు మొలక రాకుండా ఆగుతుంది. ఎండ రాగానే ఆరబోసి ఫ్యాన్‌కు పట్టాలి. చేనులోనే పడిపోయిన కంకుల మీద లీటరుకు 50 గ్రాముల చొప్పున, ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఉప్పు కరిగించి పిచికారీ చేయాలి. కల్లుప్పైతే బట్టతో వడగట్టండి, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. కొట్టాక స్ప్రేయర్ కడగకపోతే ఇనుప భాగాలు తుప్పు పడతాయి. పడిపోయిన దుబ్బులను నాలుగైదు కలిపి లేపి కడితే కంకి నీళ్లలో నానదు. కూలీ గిట్టుబాటయ్యే కొద్దిపాటి మడికే ఇది.

పూత మీదున్న వరికి వాన ముందు చేయగలిగింది పెద్దగా లేదు. యూరియా మాత్రం రెండు రోజుల ముందు నుంచి ఆపేయండి, వాగులో కలపడానికి కొనలేదు కదా. పొట్ట దశలో ముసురు పట్టిన చోట మానిపండు తెగులుకు తెరిపి చూసి లీటరుకు 1 మి.లీ. ప్రోపికొనజోల్ కొట్టుకోవచ్చు.

మిగతా పంటలు

పగిలిన పత్తిని వాన ముందు ఏరాల్సిందే, ఇందులో రెండో మాట లేదు. పొద్దున్నే మంచు తడితో ఏరి సంచుల్లో కుక్కితే తేమ 12 శాతం దాటి సీసీఐలో (ప్రభుత్వ పత్తి సంస్థ) వెనక్కి పంపుతారు. 8 ఉంటేనే పూర్తి ధర. వాన తర్వాత నల్లరేగడిలో పత్తి ఉన్నట్టుండి వడలితే అది వేరుకు గాలి అందక వచ్చిన వడలు తెగులు. పొలంలో నీళ్లు తీసేసి, రెండు రోజుల్లోపే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిసేలా పోయాలి. ఆలస్యమైతే పనిచేయదు. తేరుకోవడానికి 13-0-45 ఎరువు (పొటాషియం నైట్రేట్) లీటరుకు 10 గ్రాములు కలిపి ఆకుల మీద కొట్టాలి.

కందికి నిలువ నీరు ఒక్కరోజున్నా ఎక్కువే. సాళ్ల మధ్య నాలుగైదు వరసలకొక కాలువ ముందే తీయండి. ముసురు తర్వాత పూత గూడు కట్టినట్టు కనబడితే మరుకా పురుగు. నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు యాసంగి పల్లి విత్తేవాళ్లు గుండం వస్తుందంటే విత్తనం సంచిలోనే ఉంచండి. విత్తాక గట్టి వాన పడితే ఎర్రనేల పైన అట్ట కట్టి మొలక బయటికి రాదు. వాన వెళ్లి పదునైన తర్వాత అదే తేమతో విత్తితే ఒక తడి మిగులుతుంది. బత్తాయి తోటల్లో మొదళ్ల చుట్టూ పాదులకు గండి కొట్టి నీళ్లు పంపేయాలి. జిగురు కారే చెట్లకు బోర్డో పేస్ట్ పూయండి. గొర్రెల మందను వాగు ఒడ్డున, చెరువు శిఖంలో నిలపొద్దు. ఈదురుగాలి, వాన కలిస్తే పిల్లలు చలికే పోతాయి.

చెరువు, వాగు, కృష్ణ

మనవి గొలుసుకట్టు చెరువులు. మీ చెరువు మత్తడి ఎంత దుంకుతోందో చూస్తే చాలదు, ఎగువ ఊరి చెరువు సంగతి ఫోన్ చేసి కనుక్కోవాలి. పైది తెగితే కిందది నిమిషాల్లో తెగుతుంది. వాన ముందే మత్తడి మీద అడ్డంగా పెట్టిన రాళ్లు, చేపల కోసం కట్టిన వలలు తీయించండి. కట్ట అవతలి వాలులో ఊట తేటగా కారుతుంటే గమనిస్తూ ఉండొచ్చు. మట్టి రంగుతో కారుతుంటే కట్ట లోపల కోసుకుపోతోందని. అప్పటికప్పుడు ఇసుక సంచులు, నీటిపారుదల వాళ్లకు ఫోన్.

వాగు ఒడ్డు మోటార్లు, స్టార్టర్ డబ్బాలు ముందురోజే పైకి తేవాలి. నీళ్లు వచ్చాక తెద్దామని దిగినవాళ్లే కరెంటు షాక్‌కు, వరదకు బలవుతారు. కాజ్‌వే మీద మోకాలి లోతు నీళ్లు పారుతుంటే బండి దించొద్దు. కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైకి కనబడదు.

కృష్ణ వరద లెక్క వేరు. ఆగస్టు, సెప్టెంబర్లలో అది పడమటి కనుమల నీరు. గద్వాలలో ఎండ కాస్తుంటేనే జూరాల గేట్లు లేస్తాయి. ఆల్మట్టి, నారాయణపూర్ వదిలిన క్యూసెక్కులు చూసుకుంటే మనకు రోజు రెండు రోజుల ముందే తెలుస్తుంది. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ, దీంతో ప్రాజెక్టు నిండడానికి ఎన్ని రోజులో లెక్క కట్టుకోవచ్చు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, సాగర్ 590. 2009 అక్టోబర్ మొదట్లో అల్పపీడనపు వాన కర్నూలు, పాలమూరు మీదే కురిసి శ్రీశైలం 896 అడుగులకు చేరింది, తుంగభద్ర ఒడ్డున అలంపూర్ మునిగింది. ప్రాజెక్టులు నిండి ఉన్న అక్టోబర్‌లో గుండం పడమరకు దూరిందంటే నది పక్క ఊళ్లు ఆ 2009ని తలచుకోవాలి. మూసీ కింది వాళ్లు హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్ల వార్త చూడండి. అక్కడ ఎత్తిన నీళ్లే సోలిపేట దగ్గర మూసీ ప్రాజెక్టుకు వస్తాయి.

వాన వెళ్లాక

మబ్బు విడిచిన రోజే, మడి గట్టు కోసి నీళ్లు పంపిన తర్వాత కాదు, పంపక ముందే ఫోటోలు తీయండి. పడిపోయిన పైరు, నిలిచిన నీళ్లు, పక్కన సర్వే నంబరు తెలిసేలా గట్టు, కరెంటు స్తంభమో బోరో కనబడేలా. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంచితే తేదీ, చోటు ఫోటోలోనే నమోదవుతాయి. పంట నష్టం 33 శాతం దాటితేనే పరిహారం లెక్కలోకి వస్తుంది. ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) వచ్చి చూసేలోపు మిషన్ పెట్టి కోసేస్తే ఆ 33 శాతం చూపించడానికి ఏమీ ఉండదు. రైతు వేదికలో పేరు రాయించి, ఏఈఓ వచ్చే రోజు కనుక్కొని, ఆగలేని మడైతే ఒక మూల రెండు గుంటలు కొయ్యకుండా వదిలి మిగతాది కోసుకోండి.